కాలకేయుల మాటకూ వ్యాకరణం ఉంది

2015 జులైలో 'బాహుబలి: ది బిగినింగ్' విడుదలైన కొన్ని రోజులకే మా గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ల సందుల్లో పిల్లలు యుద్ధాలు మొదలుపెట్టారు. కర్రలే కత్తులు. బాహుబలి ఎవరన్నదాని మీద ప్రతి సాయంత్రం కొట్లాటే. కాలకేయుడు ఎవరన్నదాని మీద మాత్రం కొట్లాట ఉండేది కాదు. అందరిలోకీ నల్లగా ఉన్న పిల్లగాడే కాలకేయుడు. వాడు నాలుక టకటకలాడిస్తూ అరవాలి, చివరికి చచ్చిపోవాలి.

ఆ పిల్లగాడు అనుకరించిన భాష పేరు కిలికి. సినిమాలో కాలకేయుల అరుపులు చాలామందికి గుర్తున్నాయి. వాటిలో ఒక్క మాటకైనా అర్థం తెలిసినవాళ్లు ఎంతమంది? దీని వెనుక భాష, కులం, రంగు మూడూ ఉన్నాయి.

పిల్లల ఆట నుంచి భయపెట్టే భాష దాకా

కిలికిని తయారుచేసింది తమిళ గీత రచయిత మదన్ కార్కి. ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో పిల్లలకు పాఠాలు చెబుతూ, సరదాగా వంద మాటలతో ఒక చిన్న భాషను అల్లారు. ఎదురు అర్థం కావాలంటే మాటను తిరగేస్తే చాలు. 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. తర్వాత రాజమౌళికి, వినగానే భయం పుట్టించే భాష కావాల్సి వచ్చింది. ఆ ఆట భాషే సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ నియమాలతో కిలికి అయింది.

అంటే కాలకేయుల నోట వచ్చింది ఉత్త అరుపు కాదు, నియమాలున్న భాష. అయినా దాన్ని మనం అరుపుగానే విన్నాం. ముఖాలకు పూసిన నల్లరంగు, కోరగా చూసే కళ్లు, యుద్ధంలో వాళ్లకిచ్చిన స్థానం కలిసి మన చెవులను ముందే సిద్ధం చేశాయి.

నాలుకతో చేసే ఆ టకటక శబ్దాల సంగతీ చూడండి. మనం జాలిపడినప్పుడో, ఎడ్లను అదిలించేటప్పుడో అలాంటి శబ్దాలు చేస్తాం. దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషల్లో అవి మామూలు హల్లులు. కోట్లమంది వాటితోనే పిల్లలకు జోలపాడతారు. కాలకేయుల నాయకుడి పేరు ఇంకోషి. జులూలో 'ఇంకోసి' అంటే నాయకుడు, రాజు. ఈ పోలిక ఎలా వచ్చిందో గానీ, ఒక ఆఫ్రికన్ భాషలో గౌరవంగా పలికే మాట మన తెర మీద రాక్షసుడి పేరులా వినిపించింది.

అర్థం కాకుండా చేయడం

ఫాంటసీ కథలకు ఇది అలవాటే. టోల్కీన్ ఎల్ఫులకు తీయని భాషలు ఇచ్చాడు, చీకటి ప్రభువు సేవకులకు కరకు భాష ఇచ్చాడు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' గేమ్‌లో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. ఓర్కుల భాషలో అవతలి పక్షం ఆటగాడు రాసింది మీ తెర మీద అర్థంలేని అక్షరాలుగా మారిపోతుంది. అతను రాసిన దాంట్లో అర్థం ఉంది. అది మీదాకా రాకుండా ఆపుతున్నది గేమ్.

మన దగ్గర ఈ పని చాలా పాతది. తమలా మాట్లాడని వాళ్లను సంస్కృతం 'మ్లేచ్ఛులు' అంది, గ్రీకులు 'బార్బరోస్' అన్నారు. మనుస్మృతి పదో అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసింది. నాలుగు వర్ణాలకు బయటివాళ్లు మ్లేచ్ఛ భాష మాట్లాడినా, ఆర్య భాష మాట్లాడినా అందరూ దస్యులే అని తేల్చింది. భాష నేర్చుకున్నా లోపలికి రానివ్వరన్నమాట. మహాభారతంలో అర్జునుడి చేతిలో చచ్చే కాలకేయులు కూడా దానవులే.

ఇదే సినిమా తమిళ రూపానికి మాటలు రాసింది కూడా కార్కియే. అందులో అరుంధతియార్ల కులానికి వాడే ఒక పేరు తిట్టులాగా వచ్చింది. మధురైలో నిరసన జరిగింది, థియేటర్ మీద దాడి కూడా జరిగింది. కార్కి క్షమాపణ చెప్పారు. తమిళనాడు అరుంధతియార్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. ఊహాజాతికి 750 కొత్త మాటలు పుట్టిన సినిమాలోనే, నిజంగా బతుకుతున్న ఒక దళిత కులం పేరు తిట్టయింది. ఆయనకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఎవరి పేరు తిట్టుగా చెల్లుతుందో ఈ సమాజం రచయితకు ముందే నేర్పి పెట్టింది.

బాయి మాట

మా బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపేవాడు. బొగ్గుగనిని మేం 'బాయి' అంటాం. బాయి లోపల చీకట్లో కూడా ఒక భాష ఉంది. కప్పును రాడ్‌తో తట్టి, గట్టిగా మోగితే నిలబడొచ్చనీ డొల్లగా మోగితే పక్కకు జరగాలనీ తెలుసుకునేవాళ్లు. హాలర్ గంట ఎన్నిసార్లు మోగితే ఏం చేయాలో కొత్త కార్మికుడు మొదట నేర్చుకునే పాఠం. ఆ శబ్దం తప్పుగా వింటే ప్రాణం పోతుంది.

నేను చదివిన చోట ఒకసారి 'మా బాపు బాయిల దిగేటోడు' అంటే క్లాసంతా నవ్వింది. తర్వాత చాలా రోజులు నేను నోరు విప్పలేదు. మా యాసను చాలాకాలం కమెడియన్‌కో రౌడీకో ఇచ్చిన తెలుగు సినిమా ఆ నవ్వును వాళ్లకు ముందే నేర్పింది.

2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, కిలికికి సొంత లిపితో వెబ్‌సైట్ వచ్చింది. ఎవరికీ మాతృభాష కాని భాషకు ఆ రోజున పండుగ జరిగింది. మా పైన ఆదిలాబాద్ అడవుల్లో గోండి, కొలామీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, కొలామీ మాట్లాడేవాళ్లు సుమారు లక్షా 28 వేలు. రెండూ తెలుగుకు దగ్గరి చుట్టాలే. రెండింటికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి యూనికోడ్‌లో స్థానం 2018లో గానీ రాలేదు.

కిలికి మీద నాకు కోపం లేదు. భాషలు కల్పించడం అందమైన పని. అయితే ఈసారి సినిమాలోనో గేమ్‌లోనో ఒక జాతి అర్థంకాని మాటలతో అరుస్తూ కనిపిస్తే, ఆ మాటలకు అర్థం లేదా, లేక ఆ అర్థాన్ని మన దాకా రానివ్వలేదా అని ఒక్కసారి అడగండి. మా సందులో కాలకేయుడైన పిల్లగాడికి ఆ ప్రశ్న వేయడం మనమే నేర్పాలి.