హామ్ రేడియోలో సగం డాబా మీదే

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో. దాని స్టేషన్‌లో బల్ల మీద కనిపించే సెట్టు సగమే. మిగతా సగం డాబా మీద ఉంటుంది: యాంటెన్నా, దాన్ని నిలబెట్టే గుంజో టవరో, అక్కడినుంచి గదిలోకి దిగే కేబుల్, భూమిలోకి పోయే ఎర్తు తీగ. సెట్టుకు డబ్బు ధారాళంగా పోసినవాళ్లు కూడా ఈ రెండో సగం దగ్గర చెయ్యి బిగిస్తారు. మాట ఎంత దూరం పోతుందో తేలేది మాత్రం చాలావరకు అక్కడే.

లైసెన్సు వచ్చి, వీయూ2 అనో వీయూ3 అనో మొదలయ్యే కాల్‌సైన్ అందుకున్నవారు సాధారణంగా మొదట కట్టేది డైపోల్. రెండు సమానమైన రాగి తీగలు, నడుమ కేబుల్ కలిపే చోటు, అటూ ఇటూ చివర్లలో ఇన్సులేటర్లు, అంతే. పొడవుకు సులువైన లెక్క ఉంది. 143ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం తీగ ఎన్ని మీటర్లో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్ల పైచిలుకు, అంటే పక్కకు పదేసి మీటర్లు. అయినా చెయ్యి తిరిగినవాళ్లు తీగను కాస్త ఎక్కువే కోస్తారు. దగ్గర్లోని గోడ, నీళ్ల ట్యాంకు, స్లాబులోని ఇనుము తీగ శ్రుతిని మారుస్తాయి. పొడవెక్కువైతే చివర మడిచి సరిచేయవచ్చు, తక్కువైతే అతుకు వేయాల్సిందే. రెండు గుంజలకు చోటు లేనప్పుడు నడిమి భాగాన్ని ఒకే గుంజకు ఎత్తి, రెండు చేతులనూ వాలుగా దించి కట్టుకుంటారు. ఆ చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. ప్రసారం జరిగేటప్పుడు తీగ చివర్లలో వోల్టేజీ చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి బట్టలారేసే చోట, పిల్లల చేతికందే ఎత్తులో వాటిని ఉంచరు.

ఎత్తు విషయంలో ఒక అపోహ ఉంది, ఎంత ఎత్తయితే అంత మంచిదని. ఖండాంతరాల మాటకైతే అది నిజమే. 7 మెగాహెర్ట్జ్ తీగ 20 మీటర్ల ఎత్తులో ఉంటే తరంగాలు ఏటవాలుగా బయల్దేరి చాలా దూరం వెళ్తాయి. అదే తీగ ఆరేడు మీటర్ల ఎత్తులో ఉంటే అవి ఎక్కువగా నెత్తిమీదికి లేచి, అయనావరణాన్ని తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర జల్లులా దిగుతాయి. తుపాను వేళ విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు కబురు చేరాలంటే కావలసింది ఈ జల్లే. దూరం మాటకు పనికిరాదనిపించే యాంటెన్నా విపత్తులో అక్కరకొస్తుంది.

అసలు ఈ యాంటెన్నాల విలువ తెలిసేది అలాంటి రోజునే. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. దూరదేశాల హామ్‌లతో ముచ్చటించడానికి తీసుకెళ్లిన సెట్లే ఆ తర్వాత దీవుల క్షేమ సమాచారాన్ని మోశాయి. చిక్కేమిటంటే, ఏ తుపానులో పనికిరావాలో ఆ తుపానునే యాంటెన్నా ముందు తట్టుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 48 కిలోల బరువుతో నెడుతుంది, 180 కిలోమీటర్ల గాలి 150 కిలోలకు పైగా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది ఇంచుమించు ఆ వేగంతోనే.

గుంజను నిలబెట్టేవి గై వైర్లు. చుట్టూ మూడు వైపులా, ఒక్కోదాని మధ్య 120 డిగ్రీల ఎడంతో కడతారు. లంగరు వేసే చోటు గుంజ మొదలు నుంచి దాని ఎత్తులో 60 నుంచి 80 శాతం దూరంలో ఉండాలి. 12 మీటర్ల గుంజకు ఎనిమిది, తొమ్మిది మీటర్లన్నమాట. మన డాబాల మీద అంత జాగా అరుదు, కనుక గుంజ ఎత్తును తేల్చేది చాలాచోట్ల డబ్బు కాదు, డాబా వెడల్పు. పిట్టగోడ ఇటుకల్లో కొక్కెం దిగ్గొట్టి సరిపెట్టుకుంటే గాలి గుంజతో పాటు గోడనూ తీసుకుపోతుంది. లంగరు పిల్లరుకో బీముకో పడాలి. వైర్లను వీణ తీగల్లా బిగించడమూ తప్పే, ఆ లాగుడంతా బరువై గుంజ మీదే పడుతుంది.

1926లో జపాన్‌లో పుట్టిన, ఒక దిక్కుకు గురిపెట్టే యాగి-ఉడా యాంటెన్నా, దాన్ని తిప్పే రొటేటర్ వచ్చి చేరితే గుంజ చాలదు, సిమెంటు దిమ్మె మీద లాటిస్ టవర్ కావాలి. పక్కనే కరెంటు తీగలుంటే టవర్ ఎత్తుకు ఇంకో మూడు మీటర్లు కలిపినంత దూరం వదలాలి. కూలినా తగలకూడదన్నది లెక్క. టవర్ ఎక్కేవారికి ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు తప్పనిసరి. ఒకటి ఊడదీసి పైకి తగిలించేటప్పుడు రెండోది తగిలే ఉండాలి. నడుముకు పగ్గం చుట్టుకుని ఎక్కడం ధైర్యం కాదు.

ఇక కేబుల్. ఇక్కడి నష్టం కంటికి కనిపించదు. సన్నని ఆర్‌జి-58 కేబుల్ 7 మెగాహెర్ట్జ్ దగ్గర బాగానే పనిచేస్తుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం 30 మీటర్లలోనే పవరులో దాదాపు ముప్పాతిక మింగేస్తుంది. లావుపాటి ఆర్‌జి-213 అయితే సగానికి పైగా పైకి చేరుతుంది. దీనికి తోడు నీటి బెడద. కనెక్టర్ దగ్గర చిన్న సందు దొరికినా వాన నీరు కేబుల్ లోపలి రాగి అల్లికలోకి దిగి, దీపపు వత్తిలో నూనెలా మీటర్ల కొద్దీ పాకుతుంది. అందుకే కనెక్టర్ మీద తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దానిపై ఎండకు తాళే టేపు వేస్తారు. గోడ రంధ్రంలోకి వెళ్లేముందు కేబుల్‌ను కిందికి వేలాడేలా వంపు తిప్పితే నీరు అక్కడే బొట్లుగా రాలిపోతుంది.

పిడుగును ఆపే సాధనం లేదు, దానికి దారి చూపడమే. టవర్ కాళ్లకు, కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట పెట్టే అరెస్టర్‌కు, ఇంటి కరెంటు ఎర్తుకు విడివిడి కడ్డీలు వేసి వదిలేస్తే వాటి మధ్య వోల్టేజీ తేడా సెట్టు గుండానే ప్రవహిస్తుంది. అన్నిటినీ మందపాటి తీగతో ఒకటిగా కలపాలి. ఉరుము వినపడకముందే, మబ్బు పట్టగానే కేబుల్ ఊడదీసే అలవాటు అంతకంటే మేలు. ఉరుము వినిపించాక కేబుల్‌ను ముట్టుకోకూడదు.

నైరుతి రుతుపవనాలకు ముందొకసారి, కోస్తాలో అక్టోబరు తుపాన్లకు ముందు ఇంకోసారి పరిశీలన అవసరం. పసుపు, నీలం రంగుల్లో చవగ్గా దొరికే ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి పొడిలా రాలుతుంది, పాలియెస్టర్ తాడు చాలాకాలం నిలుస్తుంది. చెట్టుకు కట్టిన తీగైతే తాడును గిలక మీదుగా వేసి చివర బరువు వేలాడదీస్తారు, చెట్టు ఊగినా తీగ తెగదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నట్లు, టర్న్‌బకిళ్లు తుప్పుతో పట్టేస్తాయి. సంక్రాంతి వెళ్లాక తీగలకు చిక్కిన మాంజా తీయడం మరో పని. కోతులున్న చోట ఏది ఎప్పుడు ఊగుతుందో చెప్పలేం.

కట్టిన రోజునే ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఎస్‌డబ్ల్యూఆర్ రీడింగులు, అంటే ఎంత పవరు వెనక్కి తిరుగుతోందో తెలిపే కొలతలు, రాసిపెట్టుకోవాలి. మూడు వస్తే పావు వంతు పవరు వెనక్కి తిరుగుతోందని అర్థం. రీడింగు పెరిగితే ఎక్కడో తుప్పో, తెగిన తీగో ఉన్నట్టు. కారణం లేకుండా తగ్గితే సంతోషించకూడదు. నీరు పట్టిన కేబుల్ వెనక్కి తిరిగే పవరును కూడా తానే మింగేసి, మీటరుకు అంతా బాగున్నట్టు చూపిస్తుంది. అనుమానం వస్తే కనెక్టర్ దగ్గర జానెడు కేబుల్ కోసి చూడాలి. లోపలి రాగి మెరుస్తుంటే కొత్త కనెక్టర్ వేసుకోవచ్చు. నల్లబడి ఉంటే ఇంకో జానెడు కోయాలి, అక్కడా నలుపే కనిపిస్తే కేబుల్ మొత్తం మార్చాలి.