పేరు చూచి కొనుట

పంచతంత్రమందలి మేకను మోయు బ్రాహ్మణుని కథ మన యిండ్లలో పిల్లలకు సయితము తెలిసినదే. ముగ్గురు ధూర్తులు త్రోవలో వేరువేరుచోట్ల నిలిచి "కుక్క నేల మోయుచున్నావు?" అని యడిగిరి. ఒక్కడే యడిగియుండిన నాతడు నవ్వి పోయెడివాడు. మువ్వురడుగుటచే తన కన్నులను నమ్మక మేకను దింపివైచెను. నేటి ప్రకటనకర్తల విద్యకు మూల మీ కథయందే కలదని మా యభిప్రాయము. 1937లో న్యూయార్కున ప్రచారపద్ధతులను పరిశీలించుటకై యొక సంస్థ యేర్పడి, జనుల మనస్సులను వంచు ఉపాయము లేడని లెక్కించినది. అందరును కొనుచుండ నీ వొక్కతెవు వెనుకబడుదువా యనునది యొకటి. తమ కనుకూలమైన ముక్కలనే పేర్చి చూపుట యింకొకటి. దీనిని చూడగోరు సోదరీమణులు మా సైదాబాదునుండి దిల్‌సుఖ్‌నగరు దాక వచ్చిన చాలును. కోచింగు కేంద్రముల బోర్డులపై ర్యాంకులు వచ్చినవారి ముఖములే గాని, రుసుము చెల్లించియు రానివారి లెక్క యెక్కడను కానరాదు. నూటికి నూరు విజయ మని చెప్పరాదనియు, విద్యార్థి యనుమతి లేక ఫొటో వేయరాదనియు, అతడు చదివిన కోర్సేదో, ఎంత కాలమో తెలుపవలెననియు 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికారసంస్థవారు నిబంధనలు చేసిరి.

అయితే పూజ్యమైన దాని గౌరవమును తెచ్చి తమ సరకున కంటించు ఉపాయము వీనికంటె భయంకరమైనది. విరేచనములు పట్టిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. త్రాగింపుడని వైద్యులు చెప్పుదురు. ఆ పేరునకు గౌరవ మూరక రాలేదు. 1971లో బనగావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలినపుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని త్రాగించి, నూటికి 30 వరకు నున్న మరణములను 4 లోపునకు దించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి నేటి కొలతలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు. చక్కెర మిక్కిలి హెచ్చినచో ప్రేవులలోనికి నీరు లాగబడి విరేచనములు మరింత ముదురును.

కొన్ని వర్తకసంస్థలు చక్కెర మెండుగా గల పానీయముల పేరులలో నీ మూడక్షరములను చేర్చి మందుల దుకాణములలో నుంచినవి. నీలితొట్టిలో మునిగిన నక్కను మృగములు రాజని కొలిచినట్లు, తల్లులు వానిని మందని కొనిరి. ఇది ఆ ఓ.ఆర్.ఎస్. కాదను మాటను వేసినచో చాలునని 2022లో ప్రభుత్వసంస్థవారు సమ్మతించిరి. బిడ్డ సోలిపోవుచుండ నడిరేయి దుకాణమునకు పరుగెత్తిన తల్లికి సన్నని యక్షరములు చదువు తీరిక యెక్కడిది? మన హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేండ్లు విడువక పోరాడిరి. తుదకు 2025 అక్టోబరు 14న ఆహారభద్రతా ప్రమాణముల ప్రాధికారసంస్థవారు ఆ సమ్మతిని రద్దుచేసి, పానీయముల పేరులలో ఆ యక్షరములు ఏ రూపమునను ఉండరాదని శాసించిరి. ఒక స్త్రీ పట్టుదలకు ఇంతటి ఫలము కలుగుట మాకు గర్వకారణము.

కొనునపుడు పొట్లముపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమను మాటను, పైనిచ్చిన కొలతలను చూడవలెను. చిన్న పొట్లము 200 మిల్లీలీటర్లకు, పెద్దది లీటరునకు. పెద్దదానిని కొంచెము కొంచెముగా గ్లాసులో కలుపక, కాచి చల్లార్చిన లీటరు నీటిలో నొక్కమారే కలిపి, 24 గంటల పిదప మిగిలినది పారబోయవలెను.