చిగుళ్ళ శస్త్రచికిత్స పిమ్మట గృహమున పాటింపవలసిన నియమములు

దంతధావనము, ఆచమనము, జపము, ఏకాదశ్యుపవాసము మన నిత్యజీవనమున పెనవేసికొన్న ఆచారములు. చిగుళ్ళకు చిన్న శస్త్రచికిత్స జరిగిననాడు వీనిని యథాప్రకారము పాటింపవలెనా, సడలింపవచ్చునా యను సందేహము పెద్దలకు తప్పక కలుగును. నాకును కలిగినది. నిరుడు నిర్మల్‌లో దంతవైద్యులు నా చిగుళ్ళను కోసి, లోన పేరుకొన్న గారను తీసి, కుట్లు వేసిరి. మరునాటి యుదయమున అలవాటుకొద్దీ వేపపుల్ల నమలి బలముగా పుక్కిలించితిని. ఆగిన రక్తము మరల స్రవించినది. వైద్యుల మాట స్పష్టముగనే యుండెను; తప్పు నాది. ఆచారలోపము కారాదను తొందరలో శాస్త్రమిచ్చిన సడలింపునే మరచితిని.

సుశ్రుతుడు ముఖరోగములు 65 అని లెక్కించి, వానిలో దంతమూలములకు, అనగా చిగుళ్ళకు, సంబంధించినవి 15 అని చెప్పెను. దంతరోగి పుల్లని పండ్లను, చల్లని నీటిని, జిడ్డులేని పొడి యన్నమును, మిక్కిలి గట్టి పదార్థములను, తుదకు దంతధావనమును సైతము విడువవలెనని ఆయనయే విధించెను. కావున పుల్ల విడుచుట దోషము కాదు, విధియే.

ఇందలి కారణము తెలిసికొనదగినది. కోసిన చోట రక్తము గడ్డకట్టి గాయమునకు కప్పువలె నిలుచును. దాని క్రిందనే క్రొత్త కండ పుట్టును. బలముగా పుక్కిలించినను, మాటిమాటికి ఉమ్మినను, గొట్టముతో పీల్చి త్రాగినను ఆ కప్పు ఊడిపోవచ్చును. మొదటి దినమున లాలాజలము కొంచెము ఎఱ్ఱగా నుండుట సహజము. రక్తము కారుచుండినచో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డను 20 నిమిషములు కదలింపక అదిమి పట్టవలెను. వాపు తగ్గుటకు గుడ్డలో చుట్టిన మంచును చెంపపై వెలుపలనే 15 నిమిషములుంచి, అంతసేపు తీసివేయుచుండవలెను. పడుకొనునపుడు తల కొంచెము ఎత్తుగా నుండవలెను.

రెండవ దినము నుండి, వైద్యులు వారింపనిచో, గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి నోటనుంచుకొని, తల వంచి నీటిని తనంత తానే జారనీయవలెను. దంతకాష్ఠము లభింపనప్పుడును, నిషిద్ధదినములందును 12 పుక్కిళ్ళ నీటితో ముఖశుద్ధి యగునని స్మృతివచనము కలదు. తక్కిన పండ్లను మెత్తని బ్రష్షుతో తోమవచ్చును. కోసిన చోటును వైద్యులు చెప్పువఱకు తాకరాదు. పసుపు, లవంగనూనె, బొగ్గుపొడి గాయమునకు పూయరాదు. తైలగండూషము కూడ మానిన పిమ్మటనే.

ఆహారము మెత్తగా, గోరువెచ్చగా నుండవలెను. జొన్నరొట్టెకు బదులు చల్లార్చిన జొన్నగట్క, మెదిపిన పప్పన్నము, పులియని పెరుగన్నము తగినవి. సకినాలు, పల్లీలు, నువ్వులు, కారపు తొక్కులు, చింతపండు పులుసు కొన్నాళ్ళు వలదు. గుడిలో నిచ్చిన కొబ్బరిముక్కను కళ్ళకద్దుకొని ఇంటివారికిచ్చిన చాలును. పొగాకు, గుట్కా, తమలపాకు వక్క గాయమును మాననీయవు.

ఇక ఉపవాసము. నీరు, పాలు, పండ్లు, ఔషధము మున్నగు ఎనిమిదింటివలన వ్రతభంగము కాదని మహాభారతము ఉద్యోగపర్వమున చెప్పినది. పరగడుపున నొప్పిమాత్రలు వేసికొనిన కడుపునకు చేటు. మధుమేహము గలవారికి గాయము ఆలస్యముగా మానును. వారు ఉపవాసమును మానుకొనుటయే ధర్మము. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు శస్త్రచికిత్సకు ముందే వైద్యులకు చెప్పవలెను. తమంత తాము వానిని ఆపరాదు, ఆస్ప్రిన్ వంటి మాత్రలను క్రొత్తగా వేసికొనరాదు.

జపమునకు లోటు లేదు. పైకి వినబడు జపముకంటె ఉపాంశువు, దానికంటె మానసజపము శ్రేష్ఠమని మనువు చెప్పెను. వాగ్దేవి కొలువైన బాసర మన జిల్లాలోనిదే. రెండు దినములు పెదవి కదపక ఆ తల్లిని మనసున స్మరించుట ఆమెకు తక్కువ సేవ కాదు.

అదిమినను ఆగని రక్తము, మూడవ దినము దాటినను పెరుగుచున్న వాపు, జ్వరము, చీము కనబడినచో ఆలస్యము చేయక వైద్యులను చూడవలెను. మ్రింగుటకుగాని ఊపిరికిగాని కష్టమైనచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. కుట్లు సాధారణముగా వారము పదిదినములలో తీయుదురు. కొన్ని తామే కరగిపోవును. ఆ గడువువఱకు దేహమును కాపాడుకొనుటయే మన అనుష్ఠానము. ధర్మసాధనమునకు మొదటి పరికరము శరీరమే గదా!