గుడి భూమిలో పేదలకు ఇళ్లు.. బిల్డర్‌తో కలిసి కట్టొచ్చా? చట్టం ఏం చెబుతోందంటే..

విజయవాడలో సెంటు స్థలం కొనాలంటే సామాన్యుడి గుండె గుభేల్‌మంటుంది. మరోపక్క ఆలయాలు, సత్రాల పేరిట భూములున్నాయి. బిల్డర్‌తో కలిసి అక్కడ పేదలకు ఇళ్లు కట్టొచ్చుగా? అంత ఈజీ కాదు.

ఏపీ దేవాదాయ చట్టం-1987 సెక్షన్ 80 ప్రకారం.. కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా గుడి స్థిరాస్తిని అమ్మినా, తాకట్టు పెట్టినా, దానమిచ్చినా చెల్లదు. అమ్మితే గుడికి మేలని తేలాలి. మామూలుగా బహిరంగ వేలమే దారి. వక్ఫ్ భూమికి ఇంకా గట్టి తాళం. 2013 సవరణ తర్వాత అమ్మకం, దానం, తాకట్టు ఏవీ చెల్లవు. ఈ రెండు రకాల భూములూ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధం కిందకే వస్తాయి. ఎవరైనా 'తక్కువకే ఫ్లాట్' అంటే ముందు ఆ లిస్టు చూసుకోవాలి.

ఇంత కట్టడి ఎందుకు? అమరావతి సదావర్తి సత్రం సంగతే చూడండి. చెన్నై శివార్లలోని 83.11 ఎకరాలకు 2016 వేలంలో వచ్చింది రూ.22.44 కోట్లే. విషయం కోర్టుకెక్కి 2017లో మళ్లీ వేలం పెడితే రూ.60.30 కోట్లు పలికింది! (ఆ భూమి తమదేనని తమిళనాడు అనడం వేరే కథ.)

అసలు చిక్కు ఇక్కడే. దేవుడి ఆస్తి చవగ్గా పోకూడదంటే వేలం ఉండాలి. వేలంలో ఎక్కువ పాడినోడిదే భూమి. మరి చవకైన ఇల్లు ఎలా వస్తుంది?

ఈ డెల్టాలోనే ఇంకో దారి కనిపిస్తుంది. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత దివిసీమలో రామకృష్ణ మిషన్, చర్చిల సహాయ సంస్థ 'కాసా' బాధితులకు ఇళ్లు కట్టించాయి. అక్కడ ఖర్చయింది దేవుడి మాన్యం కాదు, విరాళాల డబ్బు.