మార్కాపురం నుంచి రేడియేషన్‌కు ఎన్నిసార్లు?

రేడియేషన్ చికిత్సలో పురోగతి అంటే ముందు యంత్రాలే గుర్తొస్తాయి: 1951లో కెనడాలో వాడకం మొదలైన కోబాల్ట్-60, తరవాతి లీనియర్ యాక్సిలరేటర్, కణితి ఆకారానికి తగ్గట్టు కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు నుంచి చూస్తే మాత్రం సిట్టింగులు తగ్గడమే అన్నిటికన్నా పెద్ద మేలు. జనం ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే ఈ చికిత్సకు గుంటూరు, కర్నూలు, హైదరాబాదు లాంటి ఊళ్లకు వెళ్తారు. సిట్టింగు నిమిషాల్లో అయిపోతుంది. కానీ మామూలుగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగాలి. గుంటూరు–నంద్యాల రైలు ఉన్నా రోజూ వెళ్లి రావడం సాధ్యమయ్యే పని కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వైద్యం ఖర్చు భరిస్తాయి. తోడు వచ్చినవాళ్లు పోగొట్టుకునే కూలి, గది అద్దె ఇంటిమీదే పడతాయి.

సిట్టింగులు తగ్గించి తొందరగా ముగిస్తే అది అరకొర వైద్యమవుతుందేమోనన్న భయం సహజం. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ భయానికి గట్టి సమాధానమే ఉంది. బ్రిటన్‌లో జరిగిన స్టార్ట్ పరీక్షల్లో ఒకదానిలో 25 సిట్టింగులకు బదులు 15 ఇచ్చి పదేళ్లు గమనించారు. వ్యాధి తిరగబెట్టడం పెరగలేదు, చర్మానికీ కండకూ హాని కూడా పెరగలేదు. 2020లో వెలువడిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరీక్షలో నాలుగు వేలమందికి పైగా పాల్గొన్నారు. అందులో 26 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదును ఒక్క వారంలో అయిదు సిట్టింగులుగా ఇచ్చినా అయిదేళ్ల ఫలితం మూడు వారాల చికిత్సకు తీసిపోలేదు. రోజు మోతాదు పెంచినప్పుడు మొత్తం మోతాదు తగ్గించి లెక్క సరిచేస్తారు. రొమ్ము కణితి స్వభావం దానికి అనువైనది. అందరికీ అయిదే చాలవు. ఎవరికి సరిపడుతుందో డాక్టరే నిర్ణయించాలి. కానీ ‘నాకు తక్కువ సిట్టింగులు కుదురుతాయా?’ అని అడిగే హక్కు రోగికి ఉంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఈ వెసులుబాటు ఇంకా లేదు. దాదాపు 25 సిట్టింగులు, వాటితోపాటు కీమో, ఆపైన లోపలినుంచి ఇచ్చే బ్రాకీథెరపీ, అన్నీ ఎనిమిది వారాల్లోపు ముగియాలి. నోరు, గొంతు క్యాన్సర్లకూ సాధారణంగా ఆరేడు వారాలు పడుతుంది. నడుమ మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. మరి మార్కాపురంలోనే యంత్రం పెట్టించవచ్చు కదా అని విరాళాలు పోగుచేసే మన సంఘాల్లో అడిగేవారుంటారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే యంత్రానికి మందపాటి కాంక్రీటు గది, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, మెడికల్ ఫిజిసిస్టు, రేడియేషన్ డాక్టరు, తెగని కరెంటు కావాలి. విరాళంతో యంత్రం వస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి నడిపే మనుషులు విరాళంతో రారు. అందాకా మన డబ్బు వెళ్లాల్సిన చోటు వేరే ఉంది: చికిత్స జరిగే ఊళ్లో ఆస్పత్రికి నడిచిపోయేంత దగ్గర్లో రోగికీ తోడున్నవారికీ రెండు నెలలపాటు గది, భోజనం, పోయిన కూలికి కొంత సాయం, ఒక్క సిట్టింగు తప్పినా ఆ సాయంత్రమే ఫోన్ చేసి కారణం కనుక్కునే జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒకరు.