తాకట్టుకు ఒకే ఫారం ఎందుకు?

పొలం మీద రిజిస్టరైన పాత తనఖా ఉందో లేదో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే తెలిసిపోతుంది. అంగట్లోని సరుకు, వర్క్‌షాపులోని యంత్రం, ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలు అలా కావు. యజమాని వాటిని హామీగా రాసిచ్చి అప్పు తెచ్చుకున్నా అవి అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి, రెండోసారి అప్పిచ్చేవాడికి మొదటివాడి హక్కు కంటికి కనిపించదు. అమెరికాలో ఈ చిక్కు తీర్చడానికి యూనిఫాం కమర్షియల్ కోడ్ కింద యూసీసీ-1 అనే ఫారం పెట్టారు. అప్పిచ్చినవారు తమ పేరు, అప్పు తీసుకున్నవారి పేరు, హామీ ఆస్తి వివరం రాసి దాన్ని రాష్ట్ర ప్రభుత్వం దగ్గర, చాలాచోట్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో, దాఖలు చేస్తారు. సాధారణంగా అది ఐదేళ్లు చెల్లుతుంది. ఈ ఫారం దేశమంతటా ఒకేలా ఉండటం గుమాస్తాల సౌకర్యం కోసమేనన్న అభిప్రాయం ఉంది. నా దృష్టిలో దాని అసలు ప్రయోజనాలు రెండు: అధికారి ఇష్టాయిష్టాలకు కళ్లెం పడుతుంది, ఆ అప్పుతో ఏ సంబంధమూ లేని మూడో మనిషికి నిజం దొరుకుతుంది.

కోడ్‌లోని తొమ్మిదో అధ్యాయాన్ని 1998లో తిరగరాశారు. ఎక్కువ రాష్ట్రాల్లో అది 2001 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఫారాలు రాష్ట్రానికో తీరుగా ఉండేవి. ఒకచోట చెల్లిన పత్రం మరోచోట తిరిగొచ్చేది. కొత్త చట్టం నమూనా ఫారాన్ని తనలోనే అచ్చువేసింది. కాగితం మీద దాఖలు తీసుకునే కార్యాలయం ఆ నమూనాలో వచ్చినదాన్ని చట్టం పేర్కొన్న కొద్దిపాటి కారణాలకు తప్ప తిప్పిపంపకూడదంది. అప్పు తీసుకున్నవారి సంతకం ఉండాలన్న షరతును కూడా తీసేయడంతో ఎలక్ట్రానిక్ దాఖలుకు దారి తెరుచుకుంది. ప్రామాణిక ఫారం ప్రజల మీద మోపిన భారమని అనేవారు ఈ సంగతి గమనించాలి. ఇక్కడ ఫారం కట్టేసింది మొదట కార్యాలయం చేతుల్నే.

అసలు కష్టం పేరు దగ్గర వస్తుంది, ఎందుకంటే రిజిస్టరులో వెతికేది అప్పు తీసుకున్నవారి పేరుతోనే. కాన్సాస్‌లో ఒక రైతుకు వ్యవసాయ యంత్రాల మీద అప్పిచ్చిన సంస్థ, ఫారంలో అతని పూర్తి పేరుకు బదులు అందరూ పిలిచే పొట్టి పేరు రాసింది. ఆ రైతు దివాలా తీశాక, అసలు పేరుతో వెతికితే ఆ దాఖలు కనబడటం లేదని 2004లో అప్పీలు ప్యానెల్ సంస్థ హక్కును కొట్టేసింది. అప్పు నిజం, యంత్రాలు నిజం, మరి పేరు పొట్టిదైనంత మాత్రాన హక్కు పోవాలా అన్న అభ్యంతరంలో బలముంది. కానీ రిజిస్టరు ఆ ఇద్దరి కోసం పెట్టింది కాదు. వారి మధ్య ఒప్పంద పత్రం ఎలాగూ ఉంది. ఊరూ పేరూ తెలియని తర్వాతి రుణదాత వెతికితే దొరకని దాఖలు, లేనిదానితో సమానం. పేరు ఏ పత్రంలోది రాయాలన్న సందేహాన్ని 2010 సవరణలు తీర్చాయి. 2013 నుంచి ఎక్కువ రాష్ట్రాల్లో వ్యక్తి పేరు డ్రైవింగ్ లైసెన్సులో ఉన్నట్టే ఉండాలి. ఇది మనవాళ్లకు మరీ ముఖ్యం. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు, పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో ఒకటీ లైసెన్సులో ఒకటీగా ఉండే పేర్లు అమెరికాలో వ్యాపారం చేసే తెలుగువారిలో మామూలే. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, మొదటి పేరుకు వేరే గడి ఉంటాయి. ఏ పేరు ఏ గడిలో పడాలో లైసెన్సు చెబుతుంది కాబట్టి ఊహాగానాలకు చోటు తగ్గింది.

అయితే ఫారం ఎంత సరిగ్గా ఉన్నా లోపలి మాట నిజమని పూచీ ఇవ్వదు. జడ్జీల మీద, అధికారుల మీద కక్షతో బూటకపు యూసీసీ దాఖలాలు చేసినవారున్నారు. గుమాస్తాకు నిరాకరించే అధికారం పెంచితే ఇవి ఆగుతాయని కొందరంటారు. గుమాస్తా నిజానిజాలు తేల్చలేడు. ఆ అధికారం నిజాయితీపరుల పత్రాలకే ఎక్కువ అడ్డుపడుతుంది. బూటకాన్ని త్వరగా కొట్టేసే కోర్టు విధానం, దాఖలు చేసినవారికి శిక్ష ఉండటమే సరైన మందు. ఇప్పటి ఫారం సరిదిద్దలేని ఇంకో పొరపాటుంది. 2008లో జనరల్ మోటార్స్ సుమారు 30 కోట్ల డాలర్ల లీజు బాకీ తీర్చినప్పుడు, రద్దు చేయాల్సిన దాఖలాల్లోకి దానితో సంబంధంలేని 150 కోట్ల డాలర్ల రుణానిది కూడా చేరిపోయింది. రెండు వైపులా న్యాయవాదులున్నా ఎవరూ పట్టుకోలేదు. ఆ రద్దు పత్రం దాఖలుకు అప్పిచ్చిన బ్యాంకే అనుమతించింది కనుక రద్దు చెల్లుతుందని 2015లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. రద్దు ఫారంలో పాత దాఖలును గుర్తించేది దాని నంబరే. హామీ ఆస్తి వివరం కూడా ఒక వాక్యంలో అక్కడ రాయాలన్న నియమం ఉంటే ఇలాంటి పొరపాటు కంటబడే అవకాశం పెరుగుతుందని నా అభిప్రాయం.

మన దేశంలోనూ 2011లో మొదలైన సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఇదే పని చేస్తోంది. కంపెనీ ఆస్తుల మీద తాకట్టును సీహెచ్‌జీ-1 ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలపాలి. ఇక అమెరికాలో వ్యాపారానికి అప్పు తీసుకున్న తెలుగువారు తమ మీద ఉన్న దాఖలును రాష్ట్ర వెబ్‌సైటులో ఒకసారి వెతికి, పేరు లైసెన్సుతో సరిపోయిందో లేదో చూసుకోవాలి. బాకీ పూర్తిగా తీరి, కొత్తగా అప్పిచ్చే ఒప్పందమేదీ మిగలకపోతే రద్దు పత్రం ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఆ కోరిక అందిన 20 రోజుల్లో రుణదాత దాన్ని పంపాలి, లేదా దాఖలు చేయాలి.