ఆరంగుళాల ఆలస్యం

పర్చూరు నల్లరేగళ్లు దాటి చీరాల మీదుగా తిన్నగా పోతే సముద్రం తగులుతుంది. 1942 ఏప్రిల్ మొదటి వారంలో ఆ బంగాళాఖాతంలో జపాను క్రూయిజర్లు తిరిగాయి. కనిపించిన సరుకు ఓడనల్లా ఫిరంగులతో ముంచుకుంటూ పోయాయి. వాటితో పాటు వచ్చిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

అంతకు ముందురోజే సింహళం దగ్గర కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లను జపాను విమానాలు ముంచేశాయి. ఒక్కోదాని మీద ఎనిమిదంగుళాల ఫిరంగులు ఎనిమిదేసి ఉన్నాయి. కార్న్‌వాల్ ఫిరంగులనైతే విమానాలకూ పనికొస్తాయన్న ఆశతో 70 డిగ్రీల దాకా ఎత్తేలా తయారు చేశారు. ఎత్తడం వరకు బాగానే ఎత్తేవి. గుండు నింపి గురి తిప్పే వేళకు విమానం తన పని చూసుకుని వెళ్లిపోయేది.

యుద్ధం తర్వాత బ్రిటిష్ నౌకాదళం తలపట్టుకున్నది ఈ చిక్కు దగ్గరే. ఓడ పొట్ట చీల్చాలంటే గుండు బరువుగా ఉండాలి. విమానాన్ని అందుకోవాలంటే గుళ్లు ఎడతెరిపి లేకుండా పోవాలి. రెండూ ఒకే ఫిరంగి చేయాలనడం బండలాగుడుకు మేపిన ఒంగోలు గిత్తను పరుగుపందెంలోనూ గెలిచి రమ్మనడమే.

5.25 అంగుళాల ఫిరంగిని డైడో తరగతి క్రూయిజర్లలో అప్పటికే వాడి చూశారు. దాని గుండు సుమారు 36 కిలోలు. నింపేవాడి నడుముకు ఎక్కువ, ఎదుటి ఓడకు తక్కువ. అయిదంగుళాల కొత్త ఫిరంగి ఒకటి అనుకున్నారు గానీ అది మధ్యలోనే ఆగిపోయింది. చివరికి మొగ్గింది ఆరంగుళాల వైపే. ఆ గుండు ఇంకా బరువు కాబట్టి నింపే పని మొత్తం యంత్రానికి అప్పగించారు. కొత్త ఫిరంగి 80 డిగ్రీలు పైకి లేస్తుంది, నిమిషానికి 20 గుళ్లు కాలుస్తుంది. దానికి తోడు నిమిషానికి 90 గుళ్లు కాల్చే మూడంగుళాల ఫిరంగి ఒకటి. ఒకే ఫిరంగి రెండు పనులూ చేస్తుందన్న నమ్మకం ఉంటే ఈ రెండోది దేనికో!

ఆరంగుళాల ఫిరంగులు పదింటితో మైనోటార్ అనే భారీ క్రూయిజర్‌కు 1947లో నమూనా గీశారు. ఖజానాలో డబ్బు లేక అది కాగితం దాటలేదు. 1941లో మొదలుపెట్టి, 1946లో పని ఆపేసి వదిలేసిన టైగర్ అనే క్రూయిజర్ మీదే 1954లో మళ్లీ చెయ్యి వేశారు. అది నౌకాదళంలో చేరింది 1959లో. తొమ్మిది ఫిరంగులు అనుకున్న ఓడకు చివరికి దక్కినవి నాలుగు.

ఈ లోపు మన నౌకాదళం బ్రిటిష్ వాళ్ల పాత క్రూయిజర్లు కొనుక్కుంది. 1933 నాటి ఎకిలీస్ 1948లో ఐఎన్ఎస్ ఢిల్లీ అయింది. 1940 నాటి నైజీరియా 1957లో ఐఎన్ఎస్ మైసూర్ అయింది. మైసూర్ మీద మిగిలిన ఆరంగుళాల ఫిరంగులు తొమ్మిది, నింపేది మనుషులే. ఒక్కోటి నిమిషానికి ఆరేడు గుళ్లు అనుకుంటే మొత్తం 60 దాకా. టైగర్‌కు కాగితం మీద 80. కాగితం మీద అని ఎందుకంటే ఆ యంత్రాలు తరచూ మొరాయించేవి. నాలుగింట్లో ఒకటి ఆగితే పావు బలం పోయినట్టే. మైసూర్‌లో ఒకటి ఆగినా ఎనిమిది ఉంటాయి.

1961 డిసెంబరులో గోవా విముక్తి సమయంలో మైసూర్ అంజదీవ్ దగ్గర, ఢిల్లీ దీవ్ దగ్గర పనిచేశాయి. అక్కడ కావలసింది తీరం మీద గుళ్లు కురిపించే ఓడ, అంతే. అందుకు పాత ఫిరంగి చాలు. టైగర్‌కు పేరొచ్చింది మాత్రం 1966లో రొడీషియా విషయమై బ్రిటన్ ప్రధాని విల్సన్, రొడీషియా ప్రధాని స్మిత్ దాని మీద కూర్చుని మాట్లాడుకున్నందుకు. ఆ చర్చలూ ఫలించలేదు.

అప్పటికే విమానాలను కూల్చే పని క్షిపణులు అందుకున్నాయి. టైగర్ వెనుక టరెట్ పీకేసి హెలికాప్టర్లకు షెడ్డు కట్టారు. 1978లో దాన్ని పక్కన పెట్టేశారు. నలభై అయిదేళ్ల ఢిల్లీ విరమించిందీ ఆ ఏడే. మైసూర్ 1985 దాకా నడిచింది.

ఫిరంగుల పోటీలో గెలిచిందెవరంటే, తోడుగా తెచ్చుకున్న మూడంగుళాలదే అనాలి. 2021లో చేరిన మన ఐఎన్ఎస్ విశాఖపట్నం ముందు భాగాన ఉన్నది 76 మిల్లీమీటర్ల ఫిరంగి, అంటే మూడంగుళాలే. నమూనా వేరు, బీహెచ్ఈఎల్ తయారీ. పెద్ద ఫిరంగి అదొక్కటే, మిగతా భారం ఎక్కువగా క్షిపణులది. పేరు విశాఖపట్నం గానీ, కాపురం ముంబయిలో.